ఆగిన జీతం తిరిగొచ్చింది, ఆగిన కొలువు రాలేదు: కరోనా ఆంక్షల కాలంలో తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ సిబ్బంది

2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ దేశంలోని యజమానులందరికీ ఒక ఆదేశం జారీ చేసింది. లాక్‌డౌన్‌తో మూతపడినది ఫ్యాక్టరీ అయినా దుకాణమైనా సరే, పనివాళ్లకు ఇవ్వాల్సిన జీతం కోత లేకుండా, ఎప్పటి తేదీకే ఇవ్వాలని అందులో చెప్పింది. మర్నాడే తెలంగాణ ప్రభుత్వం జీవో 27 తెచ్చింది. ప్రభుత్వ ఉద్యోగుల్లో అత్యధికులకు మార్చి జీతంలో సగమే చేతికొచ్చింది. ఆ మరుసటి రోజు, మార్చి 31న, ఆంధ్రప్రదేశ్ జీవో 26తో అదే బాట పట్టింది. ప్రైవేటు యజమాని చేయకూడదన్న పనిని రెండు రోజుల్లో రెండు ప్రభుత్వాలు చేశాయి.

ఖజానా పరిస్థితి అప్పుడు నిజంగానే బాగాలేదు. రిజిస్ట్రేషన్లు లేవు, పెట్రోలు అమ్మకాలు పడిపోయాయి, మద్యం దుకాణాలు మూతపడ్డాయి, జీఎస్టీ రాబడి లేదు. రాష్ట్రాల సొంత ఆదాయంలో పెద్ద వాటా వచ్చేది వీటి నుంచే. కాబట్టి ఆ వారం రోజుల్లో ఆర్థిక శాఖ అధికారుల మీద ఎంత ఒత్తిడి ఉండి ఉంటుందో ఊహించవచ్చు. అయితే ఆ తర్వాత రెండేళ్లలో జరిగినదంతా ఒక వరుసలో పెట్టి చూస్తే, భారం ఎవరి మీద ఎంత పడాలన్నది చేసే పనిని బట్టి నిర్ణయం కాలేదని తెలుస్తుంది. చేతిలో ఉన్న నియామక పత్రం ఏ రకానిదో దాన్ని బట్టి నిర్ణయమైంది. రెగ్యులర్ ఉద్యోగికి జీతం ఆలస్యమైంది. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి కొలువే ఊగిసలాడింది. పరీక్షలకు చదువుతున్నవాళ్లకు వయసు కరిగిపోయింది.

ముందుగా జీతాల సంగతి. తెలంగాణ జీవోలో ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, స్థానిక సంస్థల ప్రజాప్రతినిధులకు 75 శాతం, ఐఏఎస్, ఐపీఎస్ వంటి అఖిల భారత సర్వీసుల వారికి 60 శాతం, మిగతా ఉద్యోగులకు 50 శాతం ఆపారు. నాలుగో తరగతి, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి 10 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రజాప్రతినిధులకు మొత్తం జీతం ఆపేశారు, మిగతా మెట్లు ఇంచుమించు అవే. గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగులను 10 శాతం మెట్టులో పెట్టారు. పై మెట్టులో ఎక్కువ, కింది మెట్టులో తక్కువ అన్న సూత్రంలో న్యాయం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. తప్పు రెండు చోట్ల జరిగింది. ఆపిన డబ్బు ఎప్పుడిస్తారో జీవోల్లో చెప్పలేదు. ఏ చట్టం కింద ఆపుతున్నారో కూడా చెప్పలేదు.

అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడింది పెన్షనర్లు. 50 శాతం కోత వాళ్లకూ వర్తించింది. ఉద్యోగికి ఇంట్లో మరో సంపాదన ఉండొచ్చు, లేదంటే జీపీఎఫ్ (భవిష్య నిధి) అడ్వాన్సు పెట్టుకోవచ్చు. డెబ్బై దాటినవాళ్లకు నెలనెలా కొనాల్సిన బీపీ, షుగరు మందులుంటాయి. పైగా కరోనాకు అందరికంటే ఎక్కువ భయపడాల్సిన వయసు. ఆంధ్రప్రదేశ్ ఏప్రిల్ చివర్లో పెన్షన్లను పూర్తిగా పునరుద్ధరించింది. తెలంగాణ కోతను మరుసటి నెల 25 శాతానికి తగ్గించింది. కానీ మార్చి నెల పెన్షన్‌లో ఆగిన సగం అప్పటికి అలాగే ఉండిపోయింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ విషయాన్ని హైకోర్టుకు తీసుకెళ్లింది ఒక విశ్రాంత జిల్లా జడ్జి. 2020 ఆగస్టు 11న హైకోర్టు తీర్పు చెప్పింది. జీతం, పెన్షన్ ఉద్యోగి ఆస్తి కిందకే వస్తాయి, చట్టం అండ లేకుండా కేవలం ఒక జీవోతో వాటిని ఆపే అధికారం ప్రభుత్వానికి లేదు, ఆపిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో రెండు నెలల్లో చెల్లించాలి అన్నది ఆ తీర్పు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ వాదన అసలు మీద సాగలేదు, వడ్డీ మీదే సాగింది. 2021 ఫిబ్రవరి 8న జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం వడ్డీని 6 శాతానికి తగ్గించింది. అదే తీర్పులో, చేసిన పనికి జీతం ఉద్యోగి న్యాయమైన హక్కని, పెన్షన్ కూడా ఏళ్ల తరబడి చేసిన సేవకు దక్కేదేనని స్పష్టంగా చెప్పింది. ప్రభుత్వాన్ని శిక్షించడానికి వడ్డీ వేయకూడదనీ, ఆలస్యం చేసినందుకు వడ్డీ లేకుండా వదలకూడదనీ కోర్టు తూకం వేసింది.

తెలంగాణలో కథ ఇంకో మలుపు తిరిగింది. ఏ చట్టం ప్రకారం పెన్షన్ ఆపారని హైకోర్టు అడిగేసరికి, జూన్ మధ్యలో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. విపత్తు లేదా ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి వస్తే జీతాలు, పెన్షన్లలో సగం వరకు వాయిదా వేసే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. సెప్టెంబరులో అదే శాసనసభలో బిల్లుగా వచ్చింది. కేరళ కూడా ఏప్రిల్‌లో ఇదే చేసింది. నెలకు ఆరు రోజుల చొప్పున ఐదు నెలల పాటు జీతం ఆపాలనుకుంటే హైకోర్టు స్టే ఇచ్చింది, ఒకట్రెండు రోజుల్లోనే ఆర్డినెన్స్ వచ్చేసింది. లేని అధికారాన్ని కోర్టు అడిగాక తయారు చేసుకోవడం చట్టరీత్యా చెల్లవచ్చు. కానీ అలా వచ్చిన అధికారం కరోనాతో పోదు. ఉద్యోగ సంఘాలు పీఆర్సీ (వేతన సవరణ) మీద పెట్టిన పట్టుదలలో పావు వంతు కూడా దీనిమీద పెట్టకపోవడం బాధ కలిగించే విషయం.

తెలంగాణలో జూన్ నెల నుంచి పూర్తి జీతాలు వచ్చాయి. ఆపిన బకాయిలను తర్వాతి నెలల్లో విడతలుగా ఇచ్చారు. అంటే రెగ్యులర్ ఉద్యోగి విషయంలో ఆగిన డబ్బు ఆలస్యంగానైనా చేతికొచ్చింది. డీఏ విషయంలో అలా జరగలేదు. 2020 ఏప్రిల్ 23న కేంద్రం మూడు విడతల కరువు భత్యాన్ని స్తంభింపజేసింది. 2021 జూలై 1 నుంచి 17 శాతాన్ని ఒకేసారి 28 శాతానికి పెంచింది కానీ, మధ్యలోని 18 నెలల బకాయి ఇవ్వలేదు. దీనివల్ల 34,402 కోట్ల రూపాయలు మిగిలాయని కేంద్రమే తర్వాత పార్లమెంటుకు చెప్పింది. కింది గుమస్తాకూ, పై కార్యదర్శికీ ఒకే శాతం ఆగింది కాబట్టి ఇక్కడ ఆ మెట్ల న్యాయం కూడా లేదు.

ఇక పని సంగతికి వద్దాం. ఆంక్షలంటే బయటివాళ్లకు ఇంట్లో ఉండటం. ప్రభుత్వ సిబ్బందిలో చాలామందికి అది ఇంకా ఎక్కువ సేపు బయట ఉండటం. రాష్ట్ర సచివాలయంలో రోస్టర్ పెట్టి, మూడో వంతు మంది వస్తే చాలన్నారు. బయోమెట్రిక్ హాజరు ఆపేశారు. ఆ వెసులుబాటు ఫైళ్లతో పనిచేసేవాళ్లకే దక్కింది. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, పారిశుద్ధ్య కార్మికురాలు, కానిస్టేబుల్, వీఆర్వో, పంచాయతీ కార్యదర్శి ఇంటి నుంచి చేసే పని ఏముంటుంది? ఆంధ్రప్రదేశ్ ఏప్రిల్ 3న వైద్య సేవల మీద ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెలను నిషేధించే చట్టం) ప్రయోగించింది. మర్నాడు జీవో 27 ఇచ్చి వైద్యం, పోలీసు, పారిశుద్ధ్య సిబ్బందికి పూర్తి జీతం ఇస్తామంది. తెలంగాణ కూడా ఆ మూడు వర్గాలనూ కోత నుంచి తప్పించింది. వైద్యులకు, పోలీసులకు 10 శాతం అదనంగా, జీహెచ్ఎంసీ పారిశుద్ధ్య కార్మికులకు 7,500 రూపాయలు, ఇతర మున్సిపాలిటీలు, పంచాయతీల కార్మికులకు 5,000 రూపాయలు ప్రోత్సాహకంగా ప్రకటించింది. అప్పటికి తెలంగాణలో పంచాయతీ పారిశుద్ధ్య కార్మికుడి నెల జీతమే 8,500 రూపాయలు.

టీచర్లకు ఏ మినహాయింపూ రాలేదు, బడులు మూసి ఉన్నాయన్నదే కారణం. అయినా క్వారంటైన్ కేంద్రాల్లో, చెక్‌పోస్టుల్లో, ఇంటింటి సర్వేల్లో డ్యూటీలు వేశారు. 2020 మే నెలలో మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో వరుసలను సర్దడానికి టీచర్లను పంపారన్న విషయం మీద పెద్ద గొడవే జరిగింది. 2021లో ఎన్నికలొచ్చి పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఫిబ్రవరిలో పంచాయతీలు, ఏప్రిల్ 8న ఎంపీటీసీ, జడ్పీటీసీ స్థానాలు, ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ ఉపఎన్నిక. అదే రోజు తెలంగాణలో నాగార్జునసాగర్ అసెంబ్లీ ఉపఎన్నిక, ఏప్రిల్ 30న వరంగల్, ఖమ్మం కార్పొరేషన్లు. రెండో వేవ్ ఎగసిపడుతున్న రోజులవి. పోలింగ్ సామగ్రి పంపిణీ కేంద్రాల్లో వందల మంది ఒకేచోట గంటల తరబడి వేచి ఉండాలి, డ్యూటీకి రాకపోతే సస్పెన్షన్. ఆ వారాల తర్వాత టీచర్ల సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో శ్రద్ధాంజలి ఫొటోలు వరుసకట్టాయి. కేంద్రం 2020 మార్చిలో ప్రకటించిన 50 లక్షల రూపాయల బీమా ఆరోగ్య సిబ్బందికే. పోలింగ్ డ్యూటీ చేసి చనిపోయిన టీచరు అందులోకి రారు.

చనిపోయినవారి కుటుంబాల విషయంలోనూ నియామక పత్రమే అడ్డుగీత గీసింది. రెగ్యులర్ ఉద్యోగి పోతే ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం ఉంటుంది. కరోనాతో మరణించిన ఉద్యోగుల కుటుంబాలకు ఆ నియామకాలను 2022 జూన్ 30లోగా పూర్తి చేస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడాది జనవరిలో ప్రకటించింది కూడా. అదే వార్డులో స్ట్రెచర్ తోసిన ఔట్‌సోర్సింగ్ వార్డుబాయ్ పోతే ఆ కుటుంబానికి అలాంటి హక్కేమీ లేదు.

అమెరికాతో పోల్చి చూస్తే ఇక్కడి తీరు ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ 2020 ఏప్రిల్ ఒక్క నెలలోనే ప్రభుత్వ రంగంలో 9,80,000 ఉద్యోగాలు పోయాయి. అందులో 8,01,000 స్థానిక ప్రభుత్వాలవే, బడులు మూతపడటం అందుకు ఒక పెద్ద కారణం. అక్కడి నగరాలూ కౌంటీలూ బడ్జెట్ కుదరకపోతే మనుషుల్ని తీసేస్తాయి. మన దగ్గర రెగ్యులర్ ఉద్యోగిని అలా తీయలేరు, రాజ్యాంగంలోని 311వ అధికరణ అడ్డుంది. తీయడానికి వీల్లేని చోట జీతం ఆపారు. తీయడానికి వీలున్న చోట మనుషుల్నే ఆపారు. ఈ రెండో కోవలోని మనుషులు లెక్కల్లో సరిగ్గా కనిపించరు. వాళ్లను 'తొలగించామ'ని ఏ ఉత్తర్వూ రాలేదు. గడువు తీరింది, మళ్లీ పొడిగించలేదు, అంతే.

తిరుమలలో జరిగింది చూడండి. కొండ మీద భక్తుల దర్శనం 2020 మార్చి 20న ఆగింది. తిరుపతిలోని విష్ణునివాసం, శ్రీనివాసం, మాధవం వసతి సముదాయాల్లో ఏజెన్సీ ద్వారా పనిచేసే సుమారు 1,300 మందికి ఏప్రిల్ 30తో కాంట్రాక్టు ముగిసిందని, మే 1 నుంచి రావొద్దని చెప్పారు. మే డే నాడు ఆ వార్త దేశమంతా చుట్టింది. విమర్శలు రావడంతో వాళ్లను వెనక్కి తీసుకుంటామని టీటీడీ ప్రకటించింది. అంత పేరున్న సంస్థ కాబట్టి ఆ గొంతు బయటికి వినిపించింది. ఒక జిల్లా ఆసుపత్రిలో ఐదుగురు సెక్యూరిటీ గార్డులకు ఇదే జరిగితే జిల్లా ఎడిషన్‌లో కూడా వార్త రాదు.

కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది ఇంట్లో ఉండిపోయినా డ్యూటీలో ఉన్నట్టే లెక్కించి జీతం ఇవ్వాలని కేంద్ర ఆర్థిక శాఖ 2020 మార్చి 23న ఆదేశించింది. మంచి ఆదేశం. కానీ అది కేంద్ర శాఖలకే. దాని గడువూ ఏప్రిల్ నెలాఖరే.

బడుల సంగతి ఇంకా కష్టం. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఖాళీ పోస్టుల్లో ఏటా విద్యా వాలంటీర్లను తీసుకునేవారు. కరోనాకు ముందు విద్యాసంవత్సరంలో వాళ్లు 10,000 మందికి పైగానే ఉన్నారు. డీఈడీ, బీఈడీ చేసి, టెట్ రాసి, డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ నెలకు 12,000 రూపాయలకు పనిచేసినవాళ్లు. ప్రభుత్వం 2020 ఆగస్టు 27 నుంచి రెగ్యులర్ టీచర్లను బడికి రమ్మంది, సెప్టెంబరు 1 నుంచి టీవీ పాఠాలు మొదలుపెట్టింది. వాలంటీర్లను మాత్రం పిలవలేదు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచారు, అప్పుడూ పిలవలేదు. తర్వాతి సంవత్సరం కూడా అంతే. బడి శుభ్రం చేసే స్కావెంజర్లకూ ఇదే జరిగింది, ఆ పని పంచాయతీలకు అప్పగించారు. చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్ల శుభ్రత అన్నిటికంటే ముఖ్యమని ప్రతి గోడ మీదా రాసిన సంవత్సరంలో బడిలో ఊడ్చే మనిషిని తీసేశారు. జూనియర్ కాలేజీల్లో గెస్ట్ లెక్చరర్లకు జీతం పీరియడ్ లెక్కన. పీరియడే లేకపోతే లెక్కే లేదు.

బడి మూసినా పాఠం చెప్పే అవసరం పోలేదన్నది ఇక్కడ గమనించాలి. టీవీ పాఠం చూసిన పిల్లవాడికి సందేహం వస్తే తీర్చాలి, ఇంట్లో టీవీ లేని పిల్లల్ని వెతికి పట్టుకోవాలి, వర్క్‌షీట్లు దిద్దాలి. ఏకోపాధ్యాయ బడుల్లో ఆ పని చేసే రెండో మనిషి వాలంటీరే. ఆంక్షలు అవసరమయ్యాయి కాబట్టి పని లేదు అన్నది సగం నిజమే. ఖాళీ పోస్టును ఏటా తాత్కాలికంగా నింపే అలవాటు ఉన్నచోట, ఒక ఏడాది నింపకపోయినా అడిగేవాళ్లు ఉండరన్నది మిగతా సగం.

ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్ల విషయం దీనికి కాస్త భిన్నం. తెలంగాణలో సుమారు 7,600 మంది ఫీల్డ్ అసిస్టెంట్లు పనిదినాలను బట్టి తమను వర్గీకరించే సర్క్యులర్‌కు నిరసనగా 2020 మార్చి 12న సమ్మెకు దిగారు. ప్రభుత్వం వాళ్లను విధుల నుంచి తప్పించింది. పది రోజుల్లో జనతా కర్ఫ్యూ, ఆ వెంటే లాక్‌డౌన్. ధర్నా చేద్దామంటే నలుగురు గుమిగూడకూడదు, కలెక్టరేట్‌కు వెళ్దామంటే బస్సు లేదు. సమ్మె చేసిన మనిషికి మిగిలేది రోడ్డు మీద కనబడే శక్తి ఒక్కటే, ఆంక్షలు దాన్నే తీసేశాయి. మరోపక్క అదే ఎండాకాలంలో పట్నాల నుంచి తిరిగొచ్చిన కూలీలతో ఉపాధి పనులకు గిరాకీ విపరీతంగా పెరిగింది. కేంద్రం మే 17న ఆ పథకానికి అదనంగా 40,000 కోట్లు ప్రకటించింది. పనులు కొలిచి, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) రాసే బాధ్యత పంచాయతీ కార్యదర్శుల మీద పడింది. వాళ్లలో చాలామంది 2019 ఏప్రిల్‌లో మూడేళ్ల ప్రొబేషన్ మీద, నెలకు 15,000 రూపాయలకు చేరిన జూనియర్ పంచాయతీ కార్యదర్శులు. ఉన్న హరితహారం (మొక్కల పెంపకం), వైకుంఠధామం (శ్మశానవాటిక), పారిశుద్ధ్యం పనులకు తోడు క్వారంటైన్ ఇళ్ల నిఘా, ఆపైన ఉపాధి హామీ. తర్వాత వాళ్ల ప్రొబేషన్‌ను నాలుగేళ్లకు పెంచారు. ఫీల్డ్ అసిస్టెంట్లను మళ్లీ తీసుకున్నది 2022 ఆగస్టులో.

ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగులదీ దాదాపు ఇదే బాధ. 2019 అక్టోబరు 2న లక్షకు పైగా యువత ఒకేసారి చేరారు, రెండేళ్ల ప్రొబేషన్, 15,000 జీతం. చేరిన ఆరు నెలలకే కరోనా. ఇంటింటి జ్వర సర్వే దగ్గర్నుంచి వ్యాక్సిన్ క్యూ వరకు వాళ్ల చేతుల మీదుగానే నడిచింది. ప్రొబేషన్ 2021 అక్టోబరులో ముగియాలి. పే స్కేలు వచ్చింది 2022 జూలై నుంచి.

ఆర్టీసీని రెండు రాష్ట్రాల్లో పక్కపక్కన పెట్టి చూస్తే విషయం చాలావరకు తేటతెల్లమవుతుంది. 2020 జనవరి 1న ఏపీఎస్ఆర్టీసీలోని 50,000 మందికి పైగా సిబ్బంది ప్రజా రవాణా శాఖ ఉద్యోగులయ్యారు. లాక్‌డౌన్ వచ్చింది మూడు నెలలు తిరక్కముందే. టికెట్టు మీద రూపాయి రాని రోజుల్లో వాళ్ల జీతం ఖజానా నుంచి వచ్చింది. అదే విలీనం కోసం తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 2019లో 52 రోజులు సమ్మె చేసి, ఏమీ సాధించకుండానే డ్యూటీలో చేరారు. నాలుగు నెలల్లో బస్సులు మళ్లీ డిపోల్లో ఆగిపోయాయి, ఈసారి దాదాపు రెండు నెలలు. మే 19న జిల్లా బస్సులు కదిలినా హైదరాబాద్ సిటీ బస్సులు సెప్టెంబరు చివరి దాకా రోడ్డెక్కలేదు. రాష్ట్రాల మధ్య సర్వీసులకు నవంబరు 2న ఒప్పందం కుదిరింది. ఒకే తరగతి డ్రైవరు, ఒకే రకం బస్సు, ఒకప్పుడు ఒకే సంస్థ. సంస్థ రాబడి మీద బతికేవాడికీ, ఖజానా మీద బతికేవాడికీ ఆ ఏడాది ఎంత దూరమో కుటుంబాలకే తెలుసు. తెలంగాణ శాసనసభ విలీన బిల్లును ఆమోదించింది 2023 ఆగస్టులో.

అలాగని విలీనం అందరినీ కాపాడలేదు. ఏపీఎస్ఆర్టీసీలోని ఔట్‌సోర్సింగ్ సిబ్బందిని డ్యూటీకి రావొద్దన్నారని 2020 మే నెలలో కలకలం రేగింది. ఎవరినీ తీసేయలేదని ప్రభుత్వం వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. సింగరేణి ఇంకో రకం. అక్కడి కార్మికులకు చట్టం అండ ఉంది. 2020 ఏప్రిల్‌లో భూగర్భ గనుల్లో లేఆఫ్ (కార్మికులను తాత్కాలికంగా పని నుంచి పక్కన పెట్టడం) ప్రకటించినప్పుడు పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం సగం వేతనం దక్కింది. ఓపెన్‌కాస్ట్ గనులు మాత్రం నడిచాయి, కరెంటుకు బొగ్గు కావాలి కాబట్టి. సగం వేతనం చిన్న దెబ్బేమీ కాదు. కానీ ఎంత వస్తుందో, ఎందుకు వస్తుందో ముందే తెలిసిన దెబ్బకు కుటుంబం సిద్ధపడగలదు.

ఇంతవరకు చెప్పుకున్నది కొలువులో ఉన్నవాళ్ల గురించి. కొలువు కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో, అవనిగడ్డ కోచింగ్ సెంటర్లలో కూర్చున్నవాళ్ల నష్టం ఏ జీవోలోనూ కనిపించదు. లాక్‌డౌన్‌లో హాస్టళ్లు ఖాళీ చేయించారు, స్టడీ హాళ్లు మూశారు, నోటిఫికేషన్లు ఆగాయి. రైల్వే ఉద్యోగాల ఆర్ఆర్‌బీ ఎన్టీపీసీ పరీక్షకు 2019 ఫిబ్రవరిలో ప్రకటన వస్తే, తొలి పరీక్ష మొదలైంది 2020 డిసెంబరు 28న. రాష్ట్రాల్లో ఈ ఆలస్యానికి పదవీ విరమణ వయసు పెంపు తోడైంది. తెలంగాణ 2021 మార్చిలో 30 శాతం ఫిట్‌మెంట్ (మూలవేతనం మీద పెంపు)తో పాటు విరమణ వయసును 58 నుంచి 61కి పెంచింది. ఆంధ్రప్రదేశ్ 2022 జనవరిలో 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించి 60ని 62 చేసింది. కరోనాతో రాబడి తగ్గిందని చెప్పి, అప్పటికే ఇస్తున్న 27 శాతం మధ్యంతర భృతి కంటే తక్కువ ఫిట్‌మెంట్ ఇవ్వడంతో ఉద్యోగులు ఫిబ్రవరి 3న 'చలో విజయవాడ'కు వేలల్లో తరలివచ్చారు. ఆ గొడవలో విరమణ వయసు సంగతి వెనక్కి పోయింది. నిజానికి ఖజానాకు అది పెద్ద ఊరట. రిటైరయ్యేవాళ్లకు ఒక్కసారిగా ఇవ్వాల్సిన గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకోవడం) మొత్తాలు రెండు మూడేళ్లు వెనక్కి జరుగుతాయి. ఖాళీ కావాల్సిన కుర్చీలూ అంతే.

తెలంగాణలో మంజూరైన 4,91,304 పోస్టుల్లో 1,91,126 ఖాళీగా ఉన్నాయని, వేతన సవరణ కోసం వేసిన బిస్వాల్ కమిటీ 2020 డిసెంబరు చివర్లో నివేదిక ఇచ్చింది. 80,039 పోస్టులు భర్తీ చేస్తామని ముఖ్యమంత్రి సభలో ప్రకటించింది 2022 మార్చి 9న. యూనిఫాం లేని పోస్టులకు గరిష్ఠ వయసును 44 చేశారు. ఆ సడలింపు కాగితం మీద న్యాయమే. అమ్మాయిలకు మాత్రం ఆ రెండేళ్లు తిరిగి రాలేదు. ఇంకో ప్రయత్నం చేస్తానంటే ఒప్పుకున్న తల్లిదండ్రులే కోచింగ్ సెంటర్ మూతపడి ఇంటికొచ్చాక పెళ్లి మాట ఎత్తారు. వయసు సడలింపు దాన్ని సరిచేయలేదు.

సైన్యంలో చేరాలనుకున్నవాళ్లకు జరిగింది మరీ కఠినం. 2019-20లో ఆర్మీ 80,000 మందికి పైగా తీసుకుంది. తర్వాతి రెండేళ్లు కరోనా కారణంగా ఒక్కరినీ తీసుకోలేదు. ర్యాలీల్లో పరుగు, మెడికల్ పాసైనవాళ్లు రాత పరీక్ష కోసం ఎదురుచూశారు. అది పదేపదే వాయిదా పడింది. 2022 జూన్ 14న అగ్నిపథ్ వచ్చింది, నాలుగేళ్ల కొలువు, 21 ఏళ్ల లోపు వయసు. పాత నియామకాలన్నీ రద్దయ్యాయి. గరిష్ఠ వయసును ఆ ఒక్క ఏడాదికి 23కి పెంచినా, పాసైన మెడికల్‌కు విలువ లేకుండా పోయింది. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతపు యువకుడు ఒకడు చనిపోయాడు. రైళ్లు తగలబెట్టడాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ ఆ కోపాన్ని అగ్నిపథ్ ఒక్కదానికే కట్టేస్తే సగమే అర్థం చేసుకున్నట్టు. అది రెండేళ్లుగా 'పరీక్ష వాయిదా' అన్న ఒక్క కబురుతో గడిపిన పిల్లల కోపం.

చివరిగా ఆసుపత్రులు. ఆంక్షల కాలంలో కొలువులు తగ్గకుండా పెరిగిన చోటు ఇదొక్కటే. రెండు రాష్ట్రాలూ నర్సులను, ల్యాబ్ టెక్నీషియన్లను, డాక్టర్లను హడావుడిగా తీసుకున్నాయి, దాదాపు అన్నీ తాత్కాలిక నియామకాలే. పీపీఈ కిట్ వేసుకుని, ఊపిరాడని వేసవిలో పన్నెండు గంటల షిఫ్టులు చేసినవాళ్లు వీళ్లు. అద్దెకుంటున్న ఇంటికి రావొద్దని ఇంటి యజమానులు చెబితే ఆసుపత్రిలోనే పడుకున్నవాళ్లూ ఉన్నారు. 2021 జూలైలో రెండో వేవ్ తగ్గగానే తెలంగాణలో వందల మంది ఔట్‌సోర్సింగ్ నర్సులను విధుల నుంచి తప్పించారు, వాళ్లు హైదరాబాద్‌లో రోడ్డెక్కారు. వ్యాక్సిన్ రెండో డోసు కూడా జనంలో చాలామందికి అప్పటికి పడలేదు. పడకల సంఖ్య తగ్గినంత మాత్రాన నర్సుల అవసరం తగ్గదని, ఎన్నో ప్రభుత్వ ఆసుపత్రుల్లో మంజూరైన పోస్టులే ఖాళీగా ఉన్నాయని అందరికీ తెలుసు.

తెలంగాణలో ఆ ఖాళీలకు నోటిఫికేషన్ వచ్చింది 2022 డిసెంబరు 30న, స్టాఫ్ నర్సు పోస్టులు 5,204. వంద మార్కుల్లో 80 పరీక్షకు, 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ మీద చేసిన సేవకు. ఆరు నెలల సేవ పూర్తయితే రెండు మార్కులు, గిరిజన ప్రాంతాల్లో అయితే రెండున్నర. కోవిడ్ వార్డులో ఐదు నెలలు చేసి, వేవ్ తగ్గిందని ఇంటికి పంపించేసిన నర్సుకు ఆ లెక్కలో ఒక్క మార్కూ రాదు.